నువ్వుగింజ నానని నోరు

మొన్న శనివారం ఇండియన్ స్టోర్‌లో పప్పుల వరస మధ్య బండి తోసుకుంటూ వెళ్తున్నాను. మాస్టర్స్ చదవడానికి వచ్చిన పిల్లలా ఉంది, ఒకమ్మాయి దారికడ్డంగా నిలబడి ఉంది. ఒక చేతిలో బాదంపప్పు సంచి, ఇంకో చేతిలో ఫోను, ఫోన్‌లో వాళ్ళమ్మ. "పచ్చివే అట్ల నమిలితే కడుపుబ్బుతది బిడ్డా, నానేసుకొని తిను" అంటోంది తల్లి. "నాకు టైమ్ ఎక్కడిది మమ్మీ? క్లాస్ అయినంక ల్యాబ్, ల్యాబ్ అయినంక అసైన్‌మెంట్. ఎంతసేపు నానెయ్యాలె?" అని అమ్మాయి విసుక్కుంటోంది. కాస్త పక్కకి జరగమ్మా అనవలసిన నేను, "రాత్రంతా నాననియ్యమ్మా. నీళ్ళలో ఉప్పు వెయ్యడం మర్చిపోకు. పొద్దున్నే ఆ నీళ్ళు పారబోసి, రెండుసార్లు కడిగి, పూర్తిగా ఆరబెట్టు. లోపల తడి ఉంటే బూజు పడుతుంది" అన్నాను. అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది. ఫోన్‌లోంచి తల్లి కూడా చూసినట్టే ఉంది. "థాంక్యూ అంకుల్" అని సంచి బుట్టలో వేసుకుని గబగబా వెళ్ళిపోయింది. కార్‌లోకి వచ్చి కూర్చున్నాక స్టార్ట్ చెయ్యబుద్ధి కాలేదు. ఎందుకంటే ఆ మాటలు నావి కావు. "లోపల తడి ఉంటే" అన్నప్పుడు చూపుడువేలు పైకెత్తడం కూడా నాది కాదు. అవన్నీ మా తోడల్లుడివి.

కొన్నేళ్ళ కిందట, ఒక చలికాలం మొత్తం ఆయన షికాగో పక్కన నేపర్‌విల్‌లో మా ఇంట్లో ఉన్నారు. వాళ్ళ ఇల్లు టెక్సస్‌లో, ప్లేనోలో. కంపెనీ వాళ్ళు ఆయన్ని ఒక ప్రాజెక్ట్ మీద షికాగో పంపించారు. మా వదిన, అంటే మా ఆవిడ అక్కగారు, ప్లేనోలో తన ఉద్యోగం వదిలి రాలేనంది. హోటల్లో ఒంటరిగా ఎందుకు, మన బేస్‌మెంట్‌లో గది ఖాళీగానే ఉందిగా అని మా ఆవిడ పట్టుబట్టింది. నేనూ సంతోషంగానే ఒప్పుకున్నాను గానీ లోలోపల కాస్త బెదురుగానే ఉంది. ఎందుకంటే తోడల్లుళ్ళ చుట్టరికం చిత్రమైనది. రక్తసంబంధం కాదు, స్నేహమూ కాదు. ఇద్దరు మనుషులు ఒకే ఇంటికి అల్లుళ్ళయిన నేరానికి జన్మంతా పక్కపక్కన నిలబడి ఫోటోలు దిగాలి. పైగా ఆయన పెద్దల్లుడు. నేను పెళ్ళిపీటల మీద కూర్చునేటప్పటికే ఆయన మా అత్తవారింట్లో స్థిరపడిపోయిన ప్రమాణం. పెద్దల్లుడు పేపరు చదివి నాలుగు మడతలూ సరిగ్గా పెడతాడు. పెద్దల్లుడు బయల్దేరే ముందు గ్యాస్ కట్టేశారా అని అడుగుతాడు. నేను ఏం చేసినా ఆ మడతల ముందు తేలిపోయేది. ఆయన మాత్రం నన్ను ఎప్పుడూ "తమ్ముడూ" అనే పిలిచేవారు, నేను "అన్నయ్యగారూ" అనేవాణ్ణి. ఇరవై ఏళ్ళుగా ఆ రెండు పిలుపుల మధ్య మేం వాతావరణం, ఇమిగ్రేషన్, కార్ల మైలేజీ తప్ప ఏమీ మాట్లాడుకోలేదు.

ఎయిర్‌పోర్ట్ నుంచి ఆయన రెండు సూట్‌కేసులతో వచ్చారు. ఒకదాంట్లో బట్టలున్నాయి. రెండోది వంటగదిలోకి తెచ్చి తెరిస్తే, తువ్వాళ్ళలో చుట్టిన గాజుసీసాలు, రెండు జల్లెడలు, అరలు అరలుగా ఉన్న ఒక కరెంటు మిషను. గింజలు ఆరబెట్టే మిషనట. వేడిగాలి తప్ప మంట ఉండదట. "అమ్మాయ్, ఈ గట్టు మీద ఈ చివర కాస్త నాకిస్తావా?" అని మా ఆవిణ్ణి అడిగారు. టీ కూడా పెట్టుకోవడం రాని బావగారు గట్టు అడుగుతున్నారేమిటా అని మా ఆవిడ తెల్లబోయి, తల ఊపింది. ఆ తల ఊపిన దానికి ఆ తర్వాత చాలాసార్లు నొచ్చుకుంది. గట్టు చివర కాస్తా ఆక్రమించుకుంటూ ఆక్రమించుకుంటూ స్టవ్ దాకా వచ్చేసింది.

సంగతేమిటంటే, అంతకు ముందు ఏడాదిగా ఆయనకి కడుపు బాగుండటం లేదు. ఉబ్బరం, పుల్లటి త్రేన్పులు, ఒక రోజు బిగదీసుకుపోవడం, ఇంకో రోజు దానికి విరుద్ధం. ఆఫీసు డెస్కులో పచ్చి బాదంపప్పులు పెట్టుకుని, మీటింగు మీటింగుకీ గుప్పెడు నమలడం ఆయన అలవాటు. అదే కారణమని ఆయన ఎక్కడో వీడియోల్లో చూసి తేల్చుకున్నారు. "గింజంటే ఏంటి తమ్ముడూ? మొలకెత్తాల్సిన ప్రాణి. తినేవాడి కడుపులో అరిగిపోకుండా తనని తాను కాపాడుకోవాలనే చూస్తుంది. దానికి నీళ్ళు చూపించి, ఇంక మొలకెత్తే కాలం వచ్చిందిలే అని నమ్మించాలి. అప్పుడు మెత్తబడుతుంది" అని నాకు మొదటి రోజే పాఠం చెప్పారు. ఆయన ఏ పనైనా సగం చేసే మనిషి కాదు. బాదానికి ఉప్పునీళ్ళలో రాత్రంతా. వాల్‌నట్స్‌కి అంతకంటే తక్కువ, పైగా ఆ నీళ్ళు టీ డికాక్షన్ రంగులోకి తిరిగితే ఆయన ముఖం వెలిగిపోయేది, "చూశావా ఎంత చేదు దిగిందో" అనేవారు. జీడిపప్పుకి రెండు మూడు గంటలు చాలు, అంతకు మించితే జిగురొస్తుంది. గుమ్మడి గింజలు, పొద్దుతిరుగుడు గింజలు రాత్రి వేసి పొద్దున్న తీయాలి. తీశాక కడిగి, వడకట్టి, బట్ట మీద అద్ది, మిషను అరల్లో పల్చగా పరిచి, కొరికితే ఫట్‌మనేదాకా ఆరబెట్టాలి. అందులో సగం వారం వారం ప్లేనోకి, వదినకి పార్సెల్ చేసేవారు. మన ఊళ్ళో అయితే డాబా మీద ఒక ఎండకి అయిపోయే పని. నేపర్‌విల్‌లో జనవరి ఎండ చూడటానికే గానీ ఎండబెట్టడానికి పనికిరాదు. అంచేత ఆ మిషను పగలూ రాత్రీ బుస్సుమంటూనే ఉండేది. నేను ఇంట్లోంచే పనిచేసేవాణ్ణి. నా మీటింగుల్లో అవతలివాళ్ళు, మీ వెనకాల ఎవరైనా హెయిర్ డ్రైయర్ వాడుతున్నారా అని అడిగేవారు.

చియా గింజల ప్రకరణం ఒకటి చెప్పి తీరాలి. అన్ని గింజల్లాగే వాటినీ నానబెట్టి, కడిగి ఆరబెడదామని ఆయన ఒక పెద్ద గిన్నెడు నానేశారు. మన సబ్జా గింజల్లాగే అవి నీళ్ళు తాగి జిగురు కక్కుతాయని ఆయన చూసిన వీడియోలో చెప్పలేదు కాబోలు. పొద్దున చూస్తే గిన్నెనిండా కప్ప గుడ్లలాంటి పదార్థం. జల్లెడలో వేసి కొళాయి తిప్పారు. అది జల్లెడలోంచి జారి, సింక్‌లో పేరుకుని, నీళ్ళు పోయే దారి మూసేసింది. మా ఆవిడ ఆఫీసుకి తయారై కిందికి వచ్చేసరికి బావగారు చొక్కా చేతులు మడిచి, మోచేతుల దాకా ఆ జిగురులో ఉన్నారు. "అమ్మాయ్, ఇవి కడిగే జాతి కాదు" అన్నారు గంభీరంగా. ఆవిడ బయటికి వెళ్ళి కార్‌లో కూర్చుని నవ్వుకుని, మళ్ళీ లోపలికి వచ్చి, "పర్లేదు బావగారూ, ప్లంబర్‌కి ఫోన్ చేస్తాను" అంది. మర్యాదంటే అదీ.

నవ్వుకున్నాం గానీ, నిజం చెప్పొద్దూ, నాకు మాత్రం ఆ గింజలు పడ్డాయి. సాయంత్రం టీతో పచ్చి జీడిపప్పు గుప్పెళ్ళతో తినే నాకు రోజూ ఉండే పొట్ట బరువు ఆ నెలలో తగ్గింది. ఉప్పునీళ్ళలో నాని, నిదానంగా ఆరిన బాదంపప్పుకి వేరే రుచి ఉంది. వేయించిన దానిలా మాడువాసన లేదు, పచ్చిదానిలా పంటికి మొండికెయ్యదు. నేను బాగున్నాయంటే ఆయన చిన్నపిల్లాడిలా పొంగిపోయేవారు. విచిత్రమేమిటంటే, ఇంత చేస్తున్నా ఆయన కడుపు మాత్రం బాగుపడలేదు. బాగుపడనప్పుడల్లా ఆయన ఒక గింజ మీద నేరం మోపేవారు. "వాల్‌నట్స్ నాకు పడటం లేదు తమ్ముడూ" అని వాటిని తీసేశారు. తర్వాత గుమ్మడి గింజలకి ఆ గతే పట్టింది. తర్వాత ఉప్పు సరిపోలేదన్నారు, తర్వాత నీళ్ళు మంచివి కావని సీసా నీళ్ళు తెప్పించారు, తర్వాత మిషను వేడి ఎక్కువైందన్నారు. తప్పు ఎప్పుడూ పద్ధతిలోనే ఉండేది.

ఇంకొకటి, ఆయనకి కూర్చోవడం చేతకాకుండా పోయింది. నాకు తెలిసిన పెద్దల్లుడు సోఫాలో ఒక చివర కూర్చుంటే భోజనానికి పిలిచేదాకా కదిలేవారు కాదు. ఈయన కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉండేవారు. ట్రైన్ దిగి ఇంటికి వచ్చి కోటు విప్పకుండానే గింజలు కదపడానికి వెళ్ళేవారు, అక్కణ్ణుంచి కిటికీకి, కిటికీ నుంచి బేస్‌మెంట్‌కి, మళ్ళీ పైకి. భోజనం మధ్యలో రెండుసార్లు లేచేవారు. వీకెండ్ వస్తే బయట మంచుగా ఉందని నన్ను మాల్‌కి తీసుకెళ్ళి, ఏ షాపులోకీ వెళ్ళకుండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపించేవారు. ఆ నడకలోనే మధ్యలో బాత్‌రూమ్ అని మాయమయ్యేవారు, నేను అక్కడ మసాజ్ కుర్చీల పక్కన ఆయన కోటు పట్టుకుని నిలబడేవాణ్ణి. ఆ తిరుగుడు అంటువ్యాధిలా నాకూ అంటుకుంది. ఆయన పైన తిరుగుతుంటే నాకు కింద పని సాగేది కాదు. ఆయన ఆగితే, ఎందుకు ఆగారా అని అసలే సాగేది కాదు. ఒకరోజు ఆయన కోటు పట్టుకుని నిలబడి ఉండగా, ఈ కోటు ఆయనకి ఎప్పుడు ఇంత వదులైందా అన్న ఆలోచన వచ్చింది. ఇంటికి వచ్చి మా ఆవిడతో అన్నాను. "అన్నం మానేసి గింజలు తింటే చిక్కిపోరా మరి" అంది. నిజమే కదా అనుకున్నాను. అయినా ఆ ఆలోచన పంటి కింద రాయిలా ఉండిపోయింది.

ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున, బాగా మంచు పడితే ఇద్దరం ఇంటి ముందు డ్రైవ్‌వే శుభ్రం చెయ్యడానికి దిగాం. ఆయన ఒక చివర, నేను ఒక చివర. నాలుగు పారలు ఎత్తిపోశారో లేదో, ఆయన ఆగిపోయారు. పార మంచులో గుచ్చి, గరాజ్ లోపలికి వెళ్ళి మెట్టు మీద కూర్చున్నారు. ఆయన కూర్చోవడం చూసి నాకు భయం వేసింది. దగ్గరికి వెళ్తే ముఖం పాలిపోయి ఉంది. గుండెనొప్పేమో అనుకుని అంబులెన్స్ కోసం 911కి ఫోన్ చెయ్యనా అన్నాను. చెయ్యి అడ్డంగా ఊపారు. కాసేపు ఊపిరి తీసుకుని, గ్లవ్స్ విప్పి మోకాళ్ళ మీద పెట్టుకుని, నా వైపు చూడకుండా అన్నారు.

"రక్తం పడుతోంది తమ్ముడూ."

ఎక్కణ్ణుంచి అని అడగబోయి, అర్థమై ఆగిపోయాను. "ఎప్పట్నుంచి?"

"దసరా ముందు నుంచి. మొదట్లో మొలలేమో అనుకున్నా. గింజల పొట్టు కోస్తోందేమో అనుకున్నా. అందుకే బాదం తొక్క తీసి తిన్నా. ఆగలేదు."

"డాక్టరేమన్నాడు?"

"వెళ్తేగా!"

ఆ తర్వాత ఆయన చెప్పింది వినడానికి ఎక్కువసేపు పట్టలేదు గానీ, ఆ చలిలో నాకు చాలాసేపు విన్నట్టే ఉంది. వాళ్ళ అన్నయ్య ఒకరుండేవారు. సన్నటి మనిషి, సైకిల్ మీద ఊరంతా తిరిగేవారు. కడుపులో కాస్త నొప్పని పరీక్ష చేయించుకోవడానికి విజయవాడ వెళ్ళారు. "నడిచి వెళ్ళాడు తమ్ముడూ. బస్సెక్కి వెళ్ళాడు. పరీక్ష చేసి, పేరు చెప్పారు. పేరు చెప్పాక మంచం ఎక్కాడు, మళ్ళీ దిగలేదు. పేరు తెలియనంతకాలం బాగానే ఉన్నాడు" అన్నారు. అది ఆయన లెక్క. తెలివైనవాడు, ఆఫీసులో పదిమంది పనిని సరిదిద్దేవాడు, ఏ ప్రోగ్రామ్‌లో ఎక్కడ తప్పుందో పట్టుకోవడమే వృత్తిగా ఉన్నవాడు, తన విషయంలో ఆ లెక్కని అన్ని నెలలు నమ్ముకుని, దాని మీద గింజలు నానబెడుతూ బతికారు. నాకు కోపం రాలేదు. చెప్పొద్దూ, ఆ క్షణంలో ఆయన మొట్టమొదటిసారిగా నాకు మనిషిలా కనిపించారు. లేచి నిలబడి, గ్లవ్స్ తొడుక్కుని, "ఆడవాళ్ళకి తెలియనివ్వకు. ప్రాజెక్ట్ అయ్యాక ప్లేనో వెళ్ళి చూపించుకుంటా. మాటివ్వు" అన్నారు. ఇచ్చాను.

మా అత్తగారు నా గురించి ఒక మాట అనేవారు, మా చిన్నల్లుడి నోట్లో నువ్వుగింజ నానదని. రహస్యాలు దాచలేని వాడినని ఎత్తిపొడుపు. ఆ పూట ఆవిడ మాట అక్షరాలా నిజం చేశాను. మంచు బూట్లు విప్పకుండానే వంటగదిలోకి వెళ్ళి మా ఆవిడతో అంతా చెప్పేశాను. నేల మీద బూట్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి, ఆవిడ ఆ సంగతి కూడా పట్టించుకోలేదు. అట్లకాడ గట్టు మీద పెట్టి, స్టవ్ ఆపి, ఫోన్ తీసుకుని వాళ్ళక్కకి చేసింది. "అక్కా, బావగారికి బాలేదు. నువ్వు రావాలి" అని మొదలుపెట్టి, నేను చెప్పినదంతా ఒక్క అక్షరం తగ్గకుండా చెప్పింది. ఆవిడ చెప్తుండగా వెనక్కి తిరిగి చూస్తే, గరాజ్ తలుపులో ఆయన నిలబడి ఉన్నారు.

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. నన్ను ఒకసారి చూసి, గట్టు దగ్గరికి వెళ్ళి మిషను ఆపి, సీసాలు తీసుకుని కిందికి వెళ్ళిపోయారు. నెలల తరబడి విన్న బుస ఆగిపోతే ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోయినట్టనిపించింది. కిందికి వెళ్ళి చూస్తే సీసాలు తువ్వాళ్ళలో చుడుతున్నారు. "ఆఫీసు దగ్గర హోటల్‌కి వెళ్తాను. ఇక్కడ నాకు కుదరదు" అన్నారు. అన్నయ్యగారూ, అన్నాను. "నిన్ను తమ్ముడూ అని పిలిచాను నేను" అన్నారు, అంతే. మా ఆవిడ మెట్ల మీద నిలబడి, "వెళ్ళండి బావగారూ. కానీ అక్క సాయంత్రం ఫ్లైట్‌కి టికెట్ బుక్ చేసేసింది. ఎయిర్‌పోర్ట్‌కి మీరొస్తే బాగుంటుంది" అంది. ఆయన చుట్టిన సీసా అలాగే చేతిలో పట్టుకుని మంచం మీద కూర్చుండిపోయారు. భార్య వస్తోందన్న మాటకి సంతోషమో భయమో ఆ ముఖంలో పోల్చుకోలేకపోయాను.

వదిన వచ్చింది. చిన్న మనిషి, చిన్న బ్యాగు. కార్‌లో దారిపొడుగునా ప్లేనోలో ఎంత ఎండగా ఉందో చెప్పింది. ఆ విషయం ఎత్తనే లేదు. ఇంటికి వచ్చి, చేతులు కడుక్కుని, వంటగదిలో మిషను అరల్లో సగంలో ఆగిపోయిన బాదంపప్పు ఒకటి తీసుకుని కొరికింది. "ఇంకా లోపల తడి ఉందండీ" అంది. రెండోది కొరికింది. "మీరు ప్రతి వారం పార్సెల్ పంపిస్తుంటే, నా కోసం కష్టపడి చేస్తున్నారనుకున్నాను. చెప్పుకోలేని భయాన్ని ఇలా చేతిపనిలో పెడుతున్నారనుకోలేదు" అంది. సింక్ వైపు తిరిగి కొళాయి తిప్పింది. అప్పుడాయన లేచి వెళ్ళి మిషను ఆన్ చేశారు. చేసి, మా అందరికీ వీపు పెట్టి, "సోమవారం అపాయింట్‌మెంట్ తీసుకో తమ్ముడూ" అన్నారు. తమ్ముడూ అన్నారు. నేను ఆ మాట కోసం పొద్దుట్నుంచీ ముళ్ళ మీద కూర్చున్నాను.

డాక్టర్ చూసి, వెంటనే పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే కొలనోస్కోపీ చెయ్యాలన్నాడు. ఒక నర్సు ఫోన్ చేసి ముందుగా ఏం చెయ్యాలో చెప్పింది. ఆయన స్పీకర్‌లో పెట్టి, మేం ముగ్గురం చుట్టూ కూర్చున్నాం. ఆవిడ మొట్టమొదట చెప్పింది, ఈ రోజు నుంచి నట్స్ తినకూడదు, సీడ్స్ తినకూడదు అని. ఆయన ముఖం చూడాలి. "ఈవెన్ ఇఫ్ దే ఆర్ సోక్డ్?" అని, నానబెట్టినవైనా కూడదా అని అడిగారు. అవతల నర్సు, "యెస్ సర్. ఈవెన్ సోక్డ్" అంది. వదిన పైట చెంగు నోటికడ్డం పెట్టుకుంది. మా ఆవిడ నేల చూపులు చూసింది. ఆయన మా ముగ్గుర్నీ చూసి, తనే ముందు నవ్వారు. ఆ ఇంట్లో వారం తర్వాత వినిపించిన మొదటి నవ్వు అది.

కానీ ఆ నడుమ రోజులున్నాయే, అవి గడవలేదు. చెయ్యడానికి గింజల పని లేదు. ఆయన చేతులు ఊరికే గట్టు మీదికి వెళ్ళి, ఏమీ లేక తిరిగి వచ్చేవి. ఖాళీ సీసాలు కడిగారు, తుడిచారు, మళ్ళీ కడిగారు. నేను లాప్‌టాప్ మూసి, ఆయన్ని మాల్‌కి తీసుకెళ్ళేవాణ్ణి. ఈసారి నడక నేనే మొదలుపెట్టేవాణ్ణి. ఇరవై ఏళ్ళలో మాట్లాడుకోనివన్నీ అక్కడ మాట్లాడుకున్నాం. వాళ్ళ అన్నయ్య సైకిల్ వెనక కూర్చుని సినిమాకి వెళ్ళడం, ఆయన పోయాక ఆ సైకిల్‌ని ఈయన తొక్కలేకపోవడం. అమెరికా వచ్చాక ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా కుటుంబంలో ఎవరికైనా ఆ జబ్బు ఉందా అని అడిగితే, లేదని చెప్పడం. "ఎందుకలా చెప్పారు?" అన్నాను. "ఉందంటే వాళ్ళు వెతుకుతారు కదా" అన్నారు, ఏదో తెలిసిన విషయంలా.

పరీక్ష రోజు ఆయన్ని లోపలికి తీసుకెళ్ళాక, వదినా నేనూ వెయిటింగ్ రూమ్‌లో కూర్చున్నాం. కూర్చున్నామని పేరే. నేను కాఫీ మిషను దగ్గరికి, కిటికీ దగ్గరికి తిరుగుతుంటే వదిన, "మరిదిగారూ, ఆయన తిరుగుడు మీరు తీసుకున్నారేమిటి? కూర్చోండి" అంది. డాక్టర్ బయటికి వచ్చి ఒక గడ్డ ఉందనీ, ముక్క తీసి పంపామనీ చెప్పాడు. తర్వాత ఆ ఫలితం కోసం ఎదురుచూడటం ఉంది. ఎవరి ఫోన్ మోగినా నలుగురం ఉలిక్కిపడేవాళ్ళం. చివరికి ఆ పేరే చెప్పారు, ఆయన అన్నయ్యకి చెప్పిన పేరే. కానీ ఇంకా పేగు గోడ దాటలేదని, కోసి తీసేస్తే సరిపోతుందని చెప్పారు. ఆయన డాక్టర్‌ని ఒకటే అడిగారు, ఇది నేను తిన్న గింజల వల్ల వచ్చిందా అని. కాదన్నాడు. మరి నానబెట్టి తినడం వల్ల ఏమైనా మేలు జరిగిందా అన్నారు. డాక్టర్ నవ్వి, అరగడానికి కొంతమందికి సాయపడొచ్చు, మంచి అలవాటే, కానీ దీనికీ దానికీ సంబంధం లేదు, ఇంకా ముందే రావాల్సింది అన్నాడు. ఆయన తల ఊపారు. పేరు విన్నారు. ఇంటికి వచ్చారు. మంచం ఎక్కలేదు. ఆ సాయంత్రం మామూలుగా కంచం ముందు కూర్చుని చారన్నం తిన్నారు. తింటూ మధ్యలో, "పేరు చెప్పాక కూడా ఆకలేస్తుందన్న మాట" అన్నారు. వదిన ఇంకో గరిటెడు చారు పోసింది.

ఆపరేషన్ మార్చిలో అయింది. పేగులో కొంత ముక్క తీసేశారు. కీమో మందుల అవసరం లేదన్నారు. కొన్నాళ్ళు విమానం ఎక్కకూడదన్నందువల్ల, ఆయన, వదిన మా ఇంట్లోనే ఉన్నారు. ఆయనకి పలచటి జావ, మెత్తటి అన్నం తప్ప ఏమీ పెట్టకూడదు. గింజల మాటే లేదు. డాక్టర్ కొద్దికొద్దిగా అన్నీ మొదలుపెట్టుకోవచ్చన్నాక, ఒక సాయంత్రం నేను నాలుగు బాదంపప్పులు ఉప్పునీళ్ళలో వేశాను. సోఫాలోంచే, "నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయా?" అని వినిపించింది. పొద్దున తొక్క తీసి, మెత్తగా రుబ్బి, పాలల్లో కలిపి ఇచ్చాను. ఒక గుక్క తాగి, పెదాల మీద నాలుక ఆడించి, "ఉప్పు సరిగ్గా కడగలేదు తమ్ముడూ" అన్నారు. గ్లాసు మాత్రం ఖాళీ చేశారు. చెట్లు చిగురుపెట్టే వేళకి ఇద్దరూ ప్లేనో వెళ్ళిపోయారు. మిషను మాకే వదిలేశారు. "నాకింక దానితో పని లేదు" అన్నారు. ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా. ఇప్పుడాయన వేరుశనగపప్పు వేయించుకుని, కారం చల్లుకుని తింటారని వదిన ఫిర్యాదు. ఏటా పరీక్షకి మాత్రం అడక్కుండానే వెళ్తారు. వెళ్ళే ముందు నాకు ఫోన్ చేసి, "ఈవెన్ సోక్డ్" అంటారు. అది మా ఇద్దరికే తెలిసిన నవ్వు.

మేం ఇప్పుడు ఆదివారాలు ఫోన్‌లో మాట్లాడుకుంటాం. వాతావరణం, కార్ల మైలేజీ కాకుండా వేరేవి. నానబెట్టే అలవాటు నాకు ఉండిపోయింది, అది మంచిదే. ఇంకొక అలవాటు కూడా ఉండిపోయింది, అది మంచిదో కాదో తెలియదు. ఎవరైనా ఈ మధ్య కడుపు బాగుండటం లేదండీ అంటే చాలు, ఏ విందులోనైనా, ఎవరి ముందైనా, మర్యాద చూసుకోకుండా అడగకూడని ప్రశ్నలన్నీ అడిగేస్తాను. మా ఆవిడ బల్ల కింద కాలు తొక్కుతుంది. ఆగను. కిందటి వేసవిలో ప్లేనో వెళ్ళినప్పుడు ఆయన పెరట్లో కుర్చీ వేసుకుని, నిమ్మళంగా, పాత పెద్దల్లుడిలా కూర్చుని ఉన్నారు. కాస్త లావయ్యారు. నేనే లేచి తిరుగుతుంటే, "కూర్చో తమ్ముడూ, టైమ్ ఎక్కడికి పోతుంది?" అన్నారు. ఎక్కడికి పోతుందో ఒక చలికాలమంతా పక్కనుండి చూసినవాణ్ణి. ఆయన మాట కాదనలేక కూర్చున్నాను గానీ, గడియారం కనిపించే వైపే కూర్చున్నాను.